యోసేపు వయసు అరవై ఎనిమిది

మా గోదావరి వాళ్లం మర్యాదస్తులమని పేరు. నిజమే, ఎదుటి మనిషిని నిలువునా చీరేసేటప్పుడు కూడా చివర ‘అండీ’ తగిలిస్తాం. తాడేపల్లిగూడెంలో భాషాశాస్త్రం క్లాసుకు వెళ్లిన మొదటి ఆదివారమే మా లెక్చరరు బాపిరాజు గారు నన్ను అలా చీరారు.

“టీచరు ఉద్యోగం చేసుకుంటున్నారు కదండీ, ఈ వయసులో మీకు భాషాశాస్త్రం ఎందుకండీ? కాలక్షేపానికాండీ?”

“కాదండీ. కసికండీ” అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ సంవత్సరమంతా నన్ను గుర్తు పెట్టుకున్నాడు.

కసి అని ఊరికే అనలేదు. ఏలూరులో మా బడికి తనిఖీకి వచ్చిన అధికారికి మా హెడ్మాస్టరు నన్ను ఇలా పరిచయం చేశాడు: “స్టెల్లా మేడం తెలుగు బాగానే చెప్తారండీ. కాకపోతే కొంచెం ప్రార్థన చేస్తున్నట్టుంటుందండీ.” అధికారి పడీపడీ నవ్వాడు. పదకొండేళ్ల నుంచి ఆ బడిలో తెలుగు చెబుతున్నాను. నా తెలుగు నాకు మా అమ్మా, మా వీధీ, మా ఇంటి బైబిలూ కలిసి ఇచ్చాయి. అందులో దేనికి సిగ్గుపడాలో నాకిప్పటికీ తెలీదు. ఆ రోజే అనుకున్నాను, భాషాశాస్త్రంలో పీజీ సర్టిఫికెట్ తెచ్చి, ఫ్రేము కట్టించి, స్టాఫ్ రూములో సరిగ్గా హెడ్మాస్టరు కుర్చీకి ఎదురుగా తగిలిస్తానని. 2007లో నాకున్న ఆశయం అంతే. గొప్పదని నేననను.

చదువు దూరవిద్య. కాంటాక్ట్ క్లాసులు ఆదివారాలు, తాడేపల్లిగూడెంలో. ఏలూరులో పాసింజరు ఎక్కి భీమడోలు, పుల్ల దాటేసరికి అక్కడ మా చర్చిలో మొదటి పాట అయిపోతుండేది. మా అత్తగారు పుష్పమ్మ గారు నాతో మాట్లాడటం మానేసి, నాకు వినబడేలా దేవుడితో మాట్లాడటం మొదలుపెట్టారు. “ప్రభువా, కొందరికి నీకన్నా అక్షరాలు ఎక్కువైపోయాయి తండ్రీ” అనేవారు వంటింట్లో. ఇంట్లో ఆవిడ, బడిలో హెడ్మాస్టరు, క్లాసులో బాపిరాజు గారు. నిలబడటానికి నాకు రైలు పెట్టె గుమ్మం తప్ప చోటు ఉండేది కాదు.

ఆ కోర్సులో సగం మార్కులు ప్రాజెక్టుకే. అరవై దాటిన పల్లెటూరి మనిషిని ఒకరిని వెతకాలి. వాళ్లను సమాచారదాత అంటారు. రెండు గంటలు వాళ్ల మాటలు రికార్డు చేసి, మూడు వందల పదాలు, ఒక్కో పదానికీ వాళ్లు చెప్పిన వాక్యం రికార్డు పుస్తకంలో స్వదస్తూరీతో రాయాలి. ఆఖర్న ఒక అంగీకార పత్రం. దాని మీద సమాచారదాత పేరు, ఊరు, వయసు, వేలిముద్ర. విద్యార్థి ఆ పత్రం రెండు ప్రతులు ఇస్తే, ఆఫీసువాళ్లు ఒకటి ఉంచుకుని, రెండోది కృతజ్ఞతల ఉత్తరంతో కలిపి సమాచారదాత ఇంటికి పోస్టులో పంపిస్తారు. పద్ధతి చూస్తే ఎంత ముచ్చటగా ఉందో!

ఇక జరిగేది చెబుతాను. ఏలూరు బస్టాండు ఎదురుగా అబ్రార్ జిరాక్స్ షాపుంది. “ప్రాజెక్టాండీ? ఒక్క నిమిషమండీ” అని అబ్రార్ లోపలికి వెళ్లి, అరిగిపోయిన ఒక కట్ట తెచ్చాడు. కొల్లేటి లంకలో యోసేపు అనే చేపలవాడి మాటలు. అందరూ అదే కొని, చూసి రాసుకుని, వేలిముద్ర దగ్గర ఎవరి ఎడమ బొటనవేలు వాళ్లు వేసుకుంటారు.

“ఈయన ఇంకా ఉన్నాడా?” అని అడిగాను.

“ఏమోనండీ. నా దగ్గరికొచ్చి ఆరేళ్లయింది. అప్పట్నుంచీ ఆయనకి అరవై ఎనిమిదేనండీ” అన్నాడు అబ్రార్ నవ్వుతూ.

నేనూ కొన్నాను. బడిలో పేపర్లు దిద్దాలి, ఇంట్లో వంట చెయ్యాలి, అందరూ చేసేదే కదా అనుకున్నాను. పన్నెండు రాత్రులు కూర్చుని రాశాను. రాస్తుంటే ఆ ముసలాయన మీద ఇష్టం పుట్టింది. ఏ పదం అడిగినా ఆయన వాక్యంలోకి పెళ్లాం వచ్చేస్తుంది. ‘గాలి’ అంటే “పడమటి గాలొస్తే యేసమ్మ పొయ్యి ఎలిగించదు, పొగ ఇల్లంతా తిరుగుద్ది.” ‘ఉప్పు’ అంటే “యేసమ్మ చేతికి ఉప్పు కొలత తెల్దు, నాలిక్కి తెలుసు.” చివరి యాభై పదాలు మాత్రం నిద్రమత్తులో, చదవకుండానే ఎక్కించేశాను. తర్వాత స్టాంపు ప్యాడ్ మీద నా వేలు అద్ది, యోసేపు పేరు పక్కన నొక్కాను. చేతికి సబ్బు రాసి కడుక్కుంటే పోయింది.

పత్రాలు ఇచ్చేసిన నెలకి బాపిరాజు గారు ప్రకటించాడు. ఈసారి వైవాకి బయటి నుంచి ఎగ్జామినర్ వస్తున్నారు, రికార్డు పుస్తకం వెంట తెచ్చుకోవాలి, సమాచారదాత గురించి గట్టిగా అడుగుతారు. చెబుతున్నంతసేపూ నా వైపే చూశాడు. సరే, ఆ యోసేపునే చూసి వస్తే నోరు మూయించొచ్చు కదా అనుకుని, రెండో శనివారం కైకలూరు బస్సెక్కాను.

యోసేపు ఊరు నత్తలంకకి బస్సు పోదు. రోడ్డు మీద దిగి, షేర్ ఆటోలో గట్టు చివరికి వెళ్లి, అక్కడి నుంచి నడవాలి. అంతకు ముందు ఏడాదే సర్కారువాళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లన్నీ తెగ్గొట్టారు. దారి పొడుగునా తెగిన గట్లే. చేతిలో కాగితాలున్న ఆడమనిషిని చూడగానే నలుగురు మగవాళ్లు దారికి అడ్డం నిలబడ్డారు.

“సర్వేయాండీ?”

“కాదండీ. టీచర్నండీ. యోసేపు గారిల్లు...”

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు నేల మీద ఉమ్మేశాడు. ఇంకొకడు ఒక తాటాకింటి వైపు చెయ్యి చూపించాడు.

ఇంటి ముందు ఒక ముసలావిడ ఎండుచేపలు తిరగేస్తోంది. రంగు చీర, చేతికి గాజులు. నేను పేరు చెప్పగానే లేచి నిలబడింది.

“స్టెల్లా అంటే నువ్వేనా? ఎం. స్టెల్లా, ఏలూరు?”

తలూపాను. ఆవిడ లోపలికెళ్లి ఒక ఇనుప తీగ తెచ్చింది. తీగ నిండా గుచ్చిన ఉత్తరాలు. పైనున్నది నాదే. ‘మా విద్యార్థిని శ్రీమతి ఎం. స్టెల్లాకు మీ విలువైన రెండు గంటల సమయాన్ని ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మీరు ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటున్నాము.’ వెనకాల పిన్ను చేసిన అంగీకార పత్రం, దాని మీద నా బొటనవేలు.

“నలభై ఒక్కటొచ్చినియ్. నేను బైబిలు చదూతాను, అచ్చరాలొచ్చు నాకు. ప్రతి ముక్కా చదివాను” అంది యేసమ్మ. “ఏ ఊళ్లో ఉన్నాడమ్మా? ఎలాగున్నాడు?”

నేను ఆ కాగితాన్నే చూస్తుంటే ఆవిడే చెప్పుకుపోయింది. ఆరేళ్ల కిందట ఆగస్టులో ఒక పొద్దున ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. ఆయన దోనె వేసుకుని వెళ్లిపోయాడు. మూడో రోజున ఖాళీ దోనె దొరికింది, మనిషి దొరకలేదు. ఊరంతా కొల్లేరు మింగేసిందని అనుకుంది. పాస్టరు గారు జ్ఞాపకార్థ కూడికకి రోజు కూడా పెట్టాడు. ఇంతలో అక్టోబరులో మొదటి ఉత్తరం వచ్చింది, మొన్న ఫలానా తారీకున మా విద్యార్థితో మాట్లాడినందుకు కృతజ్ఞతలని.

“కూడిక ఆపించేశాను. బతికున్నోడికి కూడికేంటి? ఊళ్లో నన్నేమన్నారో తెలుసా? మొగుడు లేచిపోయిన ముసల్దని. నాతో మాట్లాడ్డానికి నోరు రాలేదు గానీ, టవున్లో టీచరమ్మలకి రెండేసి గంటలు చెప్తన్నాడా? ఇదిగో చూడు.” తీగ అడుగునున్న మొదటి కాగితం మీద వేలు పెట్టింది. “ఇది చూసే నమ్మాను. చేపలు పట్టే మావు అల్లుతుంటే ఎదురు బద్ద కోసి, ఆయన బొటనేలికి అడ్డంగా గాటుండేది. దీంట్లో గాటుంది. తర్వాతొచ్చిన ఏ దాంట్లోనూ లేదు. మానిపోయింది. ఎవతో మంచి మందే రాసినట్టుంది.”

దొంగకి తేలు కుట్టినట్టు నేను నా ఎడమ చేతిని కొంగులో దాచుకున్నాను.

“అడిగితే చెప్పవేంటి? ఎలాగున్నాడు?”

“బాగానే ఉన్నారండీ” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. వైవా ఇంకో వారమే ఉంది, అందుకని వచ్చింది. నా జీవితంలో నన్ను నేను అంతగా అసహ్యించుకున్న క్షణం ఇంకొకటి లేదు.

యేసమ్మ చాలాసేపు ఎండుచేపలు తిరగేసింది. వెళ్లబోతుంటే వెనక నుంచి అంది. “రావద్దని చెప్పు. నాకేం పన్లేదని చెప్పు. వస్తే మాత్రం ఆదివారం రావద్దు, చర్చికాడ అందరూ చూస్తారు. మామూలు రోజు రమ్మను.”

మర్నాడు తాడేపల్లిగూడెంలో క్లాసు అయ్యాక బాపిరాజు గారిని స్టాఫ్ రూములో పట్టుకున్నాను. యేసమ్మ చూపించిన మొదటి ఉత్తరంలో విద్యార్థి పేరు ఆయనదే.

“అవునండీ, ఆ ప్రాజెక్టు నాదే. దానికే నాకు ఫస్ట్ వచ్చిందండీ” అన్నాడు హాయిగా.

“యోసేపు గారిని ఎప్పుడు కలిశారండీ?”

“వేసవి సెలవుల్లోనండీ. ఫారం మీద తేదీ మాత్రం ఇచ్చినప్పటిదే వేశాను. అందరూ అంతే కదండీ.”

“ఆయన ఆగస్టులో కొల్లేట్లో పోయారండీ. మీ ఉత్తరం అక్టోబరులో వెళ్లింది. ఆయన బతికే ఉన్నాడని ఆవిడ ఆరేళ్ల నుంచి ఎదురుచూస్తోందండీ.”

ఒక్క క్షణం ఆయన మొహంలో ఏదో కదిలింది. దాన్ని కళ్లజోడు తుడుచుకుంటూ తుడిచేసుకున్నాడు. “అయితే ఏంటండీ? మనిషి పోయాడు గానీ మాట పోలేదు కదండీ. మనకి కావాల్సింది మాటే.”

“పోనీ ఆ కేసెట్టయినా ఇప్పించండి. ఆవిడకి వినిపిస్తాను.”

“అది ఇంకా ఎక్కడుంటుందండీ! దాని మీద మా అమ్మాయి డాన్సు పాటలు ఎక్కించుకుంది.” ఆయన లేచి కుర్చీ సర్దాడు. “ఒక్క మాటండీ, స్టెల్లా గారూ. మీ ఫారం మీద వేలిముద్ర ఎవరిదండీ?”

ఆయన గొంతు ఎప్పుడూ అంత మెత్తగా లేదు. చెంప పగలగొట్టాలనిపించింది. కాని ఏ చేత్తో కొడతాను? నలభై మంది దొంగల వెనక నేను నలభై ఒకటోదాన్ని.

బుధవారం సెలవు పెట్టి మళ్లీ నత్తలంక వెళ్లాను. వెంట ఒక స్టాంపు ప్యాడ్ తీసుకెళ్లాను. నోటితో చెబితే మధ్యలో ఇంకో అబద్ధం చెప్పేస్తానని నా భయం. యేసమ్మ ఎదురుగా కూర్చుని, వేలికి సిరా అద్ది, నా ఉత్తరం మీద ఉన్న ముద్ర పక్కనే ఇంకో ముద్ర నొక్కాను. రెండూ ఒకటే.

ఆవిడ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత నా చెయ్యి లాక్కుని వెలుతురులోకి తిప్పి చూసింది.

“ఇయ్యన్నీ?”

“అందరివీ ఇలాంటివేనండీ. మేమెవరమూ ఆయన్ని చూడలేదు. మొదటిదొక్కటే ఆయనది. అదీ వేసవిలో వేశారండీ, తేదీ తర్వాత రాసుకున్నారు.”

నా చెయ్యి వదిలేసింది. గాలికి ఉత్తరాలు తీగ మీద చప్పుడు చేస్తున్నాయి.

“నీళ్లల్లో పోయినోణ్ణి లేచిపోయినోడన్నాను” అంది. “ఆరేళ్లు. పొద్దున్నే లేచి ముందు ఆయన్ని తిట్టి, తర్వాత ప్రార్థన చేసేదాన్ని.” అప్పుడు నా వైపు చూసింది. “శనారం నాడు బాగానే ఉన్నారన్నావే!”

“తప్పయిపోయిందండీ.”

“తప్పు కాదు. పాపం. నువ్వు బైబిలు చదివేదానివేగా, తేడా నీకు తెల్దా?” ఊపిరి తీసుకుని మళ్లీ అంది. “నా చెవిలో చెప్తే చాలదు. ఊరంతా నన్ను చూసి నవ్వింది, ఊరంతా వినాలి. ఆదివారం చర్చికొచ్చి సంఘం ముందు నిలబడి చెప్పు.”

“ఆదివారం నాకు పరీక్షుందండీ” అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ తిట్టలేదు. ఒక ఎండుచేప తీసి, తోకా తలా విరిచి, చేటలో పడేసింది. నేను లేచి వచ్చేశాను.

ఆదివారం పొద్దున పాసింజరుకి టికెట్టు తీసుకున్నాను. అది నిజం, దాచను. రికార్డు పుస్తకం సంచిలో ఉంది. ఎగ్జామినర్ ఏం అడిగినా చెప్పగలను ఇప్పుడు: ఇంటి ముందు ఏముందో, వేలి మీద గాటు ఎటు ఉందో. క్లాసులో నా అంత బాగా చెప్పేవాళ్లు ఇంకొకరు ఉండరు. ఫ్రేము, గోడ, హెడ్మాస్టరు మొహం కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. రైలు వచ్చింది, ఆగింది, జనం ఎక్కారు. అక్కడ కూడా “బాగానే ఉన్నారండీ” అని చెప్పడానికే కదా వెళ్తున్నాను అనిపించింది. ఆ రైలు నేను ఎక్కలేదు. స్టేషను బయటికి వచ్చి ఆటో పిలిచి బస్టాండుకి పోనిమ్మన్నాను.

నత్తలంక చర్చి చిన్నది, రేకుల కప్పు. ఆరాధన సగంలో ఉంది. పాస్టరు విశ్వాసం గారికి యేసమ్మ ముందే చెప్పినట్టుంది, నన్ను ముందుకు పిలిచారు. నిలబడి చెప్పాను. పేరు, ఊరు, జిరాక్స్ షాపు, వేలు, అన్నీ. గట్టు మీద అడ్డం నిలబడినవాళ్లు నలుగురూ లేచారు. “ఆడమనిషివైపోయావు గానీ...” అన్నాడొకడు. వెనక బెంచీ నుంచి ఒకావిడ నా మొహాన దుమ్మెత్తి పోసినట్టు శాపనార్థాలు పెట్టింది. పాస్టరు గారు ఆపబోతే యేసమ్మ వద్దంది. “తిట్టనీయండి. వినే ఓపిక ఉండే వచ్చింది.”

అన్నీ విన్నాను. ఒక్కటి కూడా అబద్ధం కాదు.

వాళ్లు అలిసిపోయాక పాస్టరు గారు, ఆరేళ్లు ఆలస్యమైనా యోసేపు జ్ఞాపకార్థ కూడిక ఇప్పుడే జరుపుకుందామన్నారు. ఆయన గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. ఎవరూ లేవలేదు. ఇన్నాళ్లూ ఆయన గురించి ఊరు ఏం మాట్లాడుకుందో ఊరికి తెలుసు.

“ఆయన మాటలు ఈవిడ సంచీలో ఉన్నాయి. చదవమనండి” అంది యేసమ్మ.

పుస్తకం తీసి చదివాను. గాలి. పొగ. ఉప్పు. మొదట్లో ఎవరూ కదల్లేదు. ‘ఉప్పు’ దగ్గర ఒక ముసలాయన ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే నవ్వసాగారు. నన్ను తిట్టినావిడ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. అలా చదువుకుంటూ, నేను నిద్రమత్తులో చూడకుండా ఎక్కించిన పేజీల్లోకి వచ్చాను. రెండు వందల అరవై ఒకటో పదం, కోపం. నా దస్తూరీయే. మొదటిసారి చదువుతున్నాను.

“యేసమ్మకి కోపమొస్తే నేను మాట్లాడను, దోనేసుకుని పోతాను. ఆకలేస్తే నేనే వస్తాను.”

నవ్వులు ఆగిపోయాయి.

“మళ్లీ చదువు” అంది యేసమ్మ.

చదివాను.

“ఆ రోజు కొర్రమీను పులుసు ఎట్టాను” అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు. “సాయంత్రం దాకా మూత తియ్యలేదు. దీపాలేళ కోపమొచ్చి కోళ్లకి పారబోశాను.”

ఆవిడ లేచి నా దగ్గరికొచ్చి పుస్తకం అందుకుంది. తాడేపల్లిగూడెంలో అప్పటికి నా పేరు పిలిచి, రాలేదని రాసుకుని ఉంటారు. ఆ పుస్తకం లేకపోతే ఇంకో ఏడాదైనా వైవాకి నన్ను కూర్చోనివ్వరు. ఆ సంగతి ఆవిడకి తెలీదు, నేను చెప్పలేదు. ఆవిడ మొదటి పేజీ తిప్పి, సమాచారదాత వయసు అరవై ఎనిమిది అన్నచోట వేలు పెట్టి చూసింది.

“ఇదొక్కటీ సరిగ్గా రాశారు” అంది. పుస్తకం చంకలో పెట్టుకుంది. “ఇక పో. మళ్లీ రామాక.”